సర్వస్వామ్య సంకలితము

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి, పెదవేగి)

పాత తెలుగు పుస్తకం ఏదైనా తీసి అట్ట తిప్పండి. అచ్చుకూటం పేరుకూ వెలకూ మధ్య, ఒక మూలగా, చిన్న అక్షరాల్లో "సర్వస్వామ్య సంకలితము" అని తరచు కనిపిస్తుంది. హైస్కూల్లో మా తెలుగు మాస్టారు దాన్ని శాంతిమంత్రంలా రాగం తీసి చదివి నవ్వించేవారు. హక్కులన్నీ ఒకరివే, అడగందే ముట్టుకోవద్దు అని దాని తాత్పర్యం. రైతుబిడ్డను గనుక నాకది పొలం గట్టున పాతిన సరిహద్దు రాయిలా కనిపిస్తుంది. రాయి ఉందంటే ఆసామీ ఉన్నాడన్నమాట. కాని ఆసామీ ఎవరో, ఇప్పుడెక్కడున్నాడో ఎవరూ చెప్పలేని రాళ్ళు మన పుస్తకాల్లో చాలా ఉన్నాయి. ఆ సంగతి ఈ ఏడాది మాకు బాగా తెలిసొచ్చింది.

కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టు అంటే ఏమిటో ఈ సంచిక చదివేవారికి చెప్పనక్కర్లేదు. ఊళ్ళు తిరగటం, ప్రశ్నలు వేయటం, రిపోర్టు రాసి స్పైరల్ బైండింగు చేయించి ఇవ్వటం. ఆ తరువాత ఆ రిపోర్టు ముఖం చూసే నాథుడు ఉండడు. మా జంతుశాస్త్ర విభాగంలో ఐదుగురం కొల్లేటి చేపల మీద, పక్షుల మీద పని చేశాం. దీన్ని బీరువాపాలు చేయకుండా తెలుగులో ఇంటర్నెట్లో ఉంచుదామని తలపెట్టాం. మా మెట్ట మీద కురిసిన వాన తమ్మిలేట్లో పడి, ఏలూరు పక్కగా పోయి, కొల్లేట్లోనే కలుస్తుంది. అంత దగ్గరి సరస్సు గురించి శాస్త్రీయంగా నాలుగు ముక్కలు తెలుసుకోవాలంటే మాత్రం ఇంగ్లీషు పేపర్లే దిక్కు. తెలుగు మీడియంలో చదివొచ్చిన నాబోటివాళ్ళకు ఆ కష్టం తెలుసు.

మా మాస్టారు సరే అన్నారు గాని ఒక మెలిక పెట్టారు. "ప్రతి బొమ్మకూ, ప్రతి పట్టికకూ, ఎత్తిరాసే ప్రతి పేరాకూ ఎదురుగా ఒక గడి గీయండి. ఇది ఎవరిది, ఎవరినడిగారు, ఏమన్నారు అని అందులో రాయండి. గడి ఖాళీగా ఉంటే ఆ బొమ్మ పేజీలోకి ఎక్కదు." అలా ఒక నోటుబుక్కు తయారైంది. మావాళ్ళు దానికి అడంగల్ అని పేరు పెట్టారు.

మొదట్లో మాలో మాకే తగాదా. "ఇన్నాళ్ళూ రికార్డు బుక్కుల్లో ఎన్ని బొమ్మలు అంటించలేదు? అప్పుడు లేని తప్పు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు ఒక మిత్రుడు. ప్రశ్న సబబైనదే. జవాబు 1957 నాటి కాపీరైటు చట్టంలో ఉంది. సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు న్యాయమైన మేర వాడుకోవచ్చునని 52వ సెక్షను చెబుతుంది. పాఠం చెప్పే సందర్భంలో గురువు గాని శిష్యుడు గాని కాపీ తీసుకున్నా తప్పు లేదని అదే సెక్షనులో మరోచోట ఉంది. రికార్డు బుక్కు ఆ నీడన బతుకుతుంది. ఇంటర్నెట్టు పేజీ సంగతి వేరు. అది మన గది దాటి లోకం మొత్తానికి వినిపించటం. "ఇంట్లో కూచుని చదువుకోవటం వేరు, సెంటర్లో మైకు పెట్టి చదవటం వేరు" అన్నారు మాస్టారు. విమర్శ కోసం నాలుగు వాక్యాలు ఉటంకించటానికి అక్కడా అడ్డు లేదు. పుస్తకానికి పుస్తకం ఎత్తి పెట్టటానికే అడ్డు.

ఢిల్లీ జిరాక్సు కేసు గురించి సీనియర్లు విని ఉంటారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ అని ఒక చిన్న కొట్టు. పాఠ్యాంశాల్లోని అధ్యాయాలను కట్టగా జిరాక్సు తీసి విద్యార్థులకు అమ్మేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఆ కొట్టు మీదా విశ్వవిద్యాలయం మీదా దావా వేశాయి. 2016 సెప్టెంబరు 16న హైకోర్టు న్యాయమూర్తి దాన్ని కొట్టివేశారు. కాపీరైటు దేవుడిచ్చిన హక్కేమీ కాదన్న ధోరణిలో సాగుతుంది ఆ తీర్పు. డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం కొన్ని సంగతులు విచారణలో తేల్చాలన్నది గాని, పాఠానికి అవసరమైనంత మేర తీసుకోవచ్చునన్న సూత్రాన్ని నిలబెట్టింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా వెనక్కి తీసుకున్నారు. తరగతి గది వరకు అది మనకు పెద్ద అండ. కాని మా పేజీ తరగతి గదిలో ఉండదు గదా!

అడంగల్లో తేలిగ్గా నిండిన గడులు కొన్ని ఉన్నాయి. కొల్లేటి పూర్వచరిత్రకు రెండు పేరాలు కావాలి. మా పెదవేగే ఒకప్పటి వేంగి, శాలంకాయన రాజుల రాజధాని. కొల్లేటి రాగిరేకులుగా పేరుపడ్డ నందివర్మ శాసనాన్ని ఫ్లీట్ దొర 1876లో 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో అచ్చువేశారు. ఆయన 1917లో పోయారు, కనుక ఎవరినీ అడిగే పని లేదు. మన దేశంలో లెక్క ఏమంటే, రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి అరవై ఏళ్ళు. మొదట యాభై ఏళ్ళే ఉండేది. రవీంద్రుడు 1941లో పోయారు గనుక 1991 ఆఖరుకు ఆయన రచనలు అందరివీ కావలసి ఉండగా, సరిగ్గా ఆ సమయానికి గడువును పదేళ్ళు పెంచారు. ఒక్క మహాకవి కోసం చేసిన సవరణకు దేశంలోని అనామక రచయితలందరి పుస్తకాలూ మరో పదేళ్ళు తలుపు వేసుకున్నాయి. పశ్చిమ గోదావరిలో పుట్టిన చరిత్రకారులు మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1963లో కీర్తిశేషులయ్యారు. 2024 జనవరి 1 నుంచి ఆయన రచనలు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఇంటర్నెట్లో పెట్టుకోవచ్చు. పండుగ చేసుకోదగ్గ రోజు అది. ఊళ్ళో ఎవరికీ తెలియనైనా తెలియదు.

సర్కారువారి కాగితాలు ఇంకొంచెం నయం. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. గెజిట్‌లో వచ్చిన ఇలాంటి ప్రకటనలను, కోర్టు తీర్పులను ఎవరైనా తిరిగి ప్రచురించవచ్చునని చట్టమే చెబుతుంది. శాసనసభ ముందుంచిన కమిటీ నివేదికలూ అంతే, ప్రభుత్వం వద్దంటే తప్ప. ఫొటోల విషయంలో తల బద్దలుకొట్టుకోలేదు. గూగుల్లో గూడబాతుల బొమ్మలు కోకొల్లలు. కాని దొరకటం వేరు, ఇవ్వటం వేరు. ఒక ఆదివారం కైకలూరు బస్సెక్కి ఆటపాక వెళ్ళి, మా ఫోన్లతో మేమే తీసుకున్నాం. నాణ్యం అంతంతమాత్రమే. అయితేనేం, గడి నిండింది.

ఇక అంకెలు. ఫలానా ఏడాది ఫలానా పక్షులు ఇన్ని అని ఒక పేపర్లో ఉంటే, ఆ అంకె ఎవరి సొత్తూ కాదు. దాన్ని చెప్పిన వాక్యమూ, గీసిన బొమ్మా వారివి. 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, ఒట్టి శ్రమా పెట్టుబడీ ఉన్నంత మాత్రాన కాపీరైటు రాదు, కొంతైనా సొంత నేర్పూ సృజనా ఉండాలి అన్నది. ఈ మాట ఇంట్లో చెబితే మా నాన్న నవ్వాడు. "చెమటకి హక్కు లేదన్న సంగతి మీ కోర్టు చెప్పాలేంట్రా!" అని.

విదేశీ పేపర్లతో అనుభవం మరో రకం. కొల్లేటి మీద మన ప్రొఫెసరు ఒకరే రాసిన వ్యాసంలోని పటం మాకు కావలసి వచ్చింది. ఆయనకు రాస్తే సాయంత్రానికల్లా జవాబు వచ్చింది: బొమ్మ గీసింది నేనే గాని ఇప్పుడది నాది కాదు, అచ్చు వేసేటప్పుడు హక్కులు రాసిచ్చేశాను, ప్రచురణకర్తలను అడగండి అని. ఎంత దయనీయం! పట్టా మారాక సొంత చేలో దిగటానికి రైతు అనుమతి అడిగినట్టుంది. ప్రచురణకర్తల వారి దగ్గర మనిషి లేడు, ఫారం ఉంది. ఎంతమంది చదువుతారు, ఎన్నేళ్ళుంచుతారు, ఏయే భాషల్లో అని అడిగి, చివరికి డాలర్లలో ఒక అంకె చూపించింది. మా ఐదుగురి నెల మెస్ బిల్లు దానికి చాలదు. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్ళకు 6,000 కోట్లు మంజూరు చేసింది. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. మంచిదే, కాని అది చదువుకునే హక్కు. తిరిగి అచ్చు వేసుకునే హక్కు కాదు. ఈ తేడా మన లెక్చరర్లలో కూడా అందరూ గమనించినట్లు లేదు, పెద్దలు క్షమించాలి. ఆ పటం సంగతి — మేమే అంకెలు తీసుకుని, సర్వే హద్దులు చూసుకుని, మొదటినుంచీ కొత్తగా గీసుకున్నాం. అంకెలెవరివో కింద రాశాం. రెండు వారాలు పట్టింది.

ఇంతవరకూ చెప్పినవి కష్టాలే గాని దారి ఉన్న కష్టాలు. కాదన్నా, ధర చెప్పినా, అవతల ఎవరో ఒకరున్నారు. అసలు చిక్కు ఒక చిన్న తెలుగు పుస్తకం దగ్గర వచ్చింది.

గుడివాకలంకలో ఒక పెద్దాయన ఇంట్లో, ట్రంకు పెట్టెలో, పాలిథిన్ కవర్లో చుట్టి ఉంది ఆ పుస్తకం. ముప్పైరెండు పేజీలు. 1984లో ఏలూరులో అచ్చయింది. రాసింది లంకల్లో పనిచేసి రిటైరైన ఒక ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. కొల్లేట్లో దొరికే చేపల పేర్లు, ఏ కార్తెలో ఏది ఎదురెక్కుతుందో, ఏ పిట్ట ఎప్పుడు దిగుతుందో, కిక్కిస దుబ్బుల్లో ఏవి గుడ్లు పెడతాయో అన్నీ రాశారు. కొరమేను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, జెల్ల, వాలుగ, బొమ్మిడాయి — ఒక్కొక్కదానికీ నాలుగైదు వాక్యాలు, బడిపిల్లలకు చెప్పినట్టు. మావులు అల్లే పద్ధతి, తాటిదోనె చెక్కే పద్ధతి ఆయన చేత్తో గీసిన బొమ్మలతో సహా ఉన్నాయి. అచ్చుతప్పులకు లోటు లేదు గాని, అలాంటి పని కొల్లేటి మీద తెలుగులో మాకు మరొకటి దొరకలేదు. ఆయన చూసిన కొల్లేరు ఇప్పుడు లేదు. ఆ తరువాత చెరువుల్లో బొచ్చె, రాగండి సాగు వచ్చింది. 2006లో చెరువుగట్లు పేల్చారు. ఈ పేర్లు పలికే నోళ్ళు ఏటా తగ్గుతున్నాయి.

ఆ పెద్దాయనకు చదువు రాదు. అయినా ఫలానా పేజీలో మా అయ్య పేరు ఉందని వేలు పెట్టి చూపించాడు. "ఇందులోది చాలావరకు మా అయ్య చెప్పిందే బాబూ. మాస్టారుగారు అరుగు మీద కూకుని రాసుకునేవోరు." ఇంటర్నెట్లో పెట్టుకోమంటారా అని అడిగితే, "పెట్టుకోండి, నలుగురికీ తెలిస్తే మంచిదేగా" అన్నాడు. మా అడంగల్లో రాసుకున్న అన్ని మాటల్లోకీ నాకు గొప్పగా తోచింది ఇదే. చట్టం దృష్టిలో దీనికి కాణీ విలువ లేదు. చెప్పినవాడికి హక్కు లేదు, కాగితం మీద పెట్టినవాడిదే హక్కు. విత్తనం విషయంలోనైనా 2001 నాటి చట్టం రైతును తలుచుకుంది. పండించిన గింజ దాచుకోవచ్చు, తిరిగి వేసుకోవచ్చు, పొరుగువాడికి ఇచ్చుకోవచ్చు అన్నది, బ్రాండు పేరుతో అమ్మొద్దన్నది. మాట విషయంలో అలాంటి తలంపు ఎవరికీ రాలేదు.

రాసిన మాస్టారు 1991లో కాలం చేశారు. అంటే ఆ పుస్తకం అందరిదీ అయ్యేది 2052 జనవరి 1న. అప్పటికి నేను నలభయ్యో పడి సగం దాటేస్తాను. పుస్తకం అప్పటిదాకా ఉండదు. పేజీలు ఇప్పుడే పట్టుకుంటే విరుగుతున్నాయి. చేపల పేర్లు వాడుకోవచ్చు, అవి ఎవరివీ కావు. పుస్తకం పేరు చెప్పి వాడుకున్నాం కూడా. కాని ఆయన వాక్యాలు, ఆయన బొమ్మలు ఆయన వారసులవి. వారసులు ముగ్గురు. ముగ్గురూ ఒప్పుకుంటేనే గడి నిండుతుంది.

పెద్దకొడుకుగారు లేరు, వారి భార్య తాడేపల్లిగూడెంలో ఉంటున్నారని తెలిసి ఇద్దరం వెళ్ళాం. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి అంతా విన్నారు. విన్నాక ఆవిడ మొహంలో ఏదో బెంగ. "అయితే మేమేవన్నా కట్టాలా బాబూ?" అన్నారు. హక్కు అనే మాట వింటే ఏదో బాకీ గుర్తొస్తుంది మనవాళ్ళకి! కాదమ్మా, మీరు సరే అంటే చాలని చెబితే ఊపిరి పీల్చుకుని, "మా మావయ్యగారి పుస్తకాలు అటక మీద ఒక కట్ట ఉండేయి. చెద పట్టిందని నీళ్ళపొయ్యిలో పెట్టేశాం. ఎవరన్నా అడుగుతారని అనుకోలేదు" అన్నారు. కాగితం మీద సంతకం పెట్టి, రెండుసార్లు చదివించుకున్నారు. రెండో కొడుకుగారు హైదరాబాదులో. ఫోన్లో మొదట "దీనివల్ల మీకేమొస్తుంది?" అని గట్టిగానే అడిగారు. మార్కులు కూడా ఇప్పటికే వేసేశారండీ అంటే నవ్వి, నాన్నగారి ఫొటో వేస్తానంటే సరేనన్నారు. కూతురుగారు అమెరికాలో ఉన్నారు. వారి చిరునామా అన్నగారి దగ్గర కూడా పాతదే ఉంది.

వారసులు దొరకకపోతే చట్టంలో దారి లేదా అంటే, ఉంది. 31-ఏ సెక్షను. రచయిత చనిపోయినా, ఎవరో తెలియకపోయినా, వెతికినా దొరకకపోయినా లైసెన్సు అడగవచ్చు. 2012 సవరణలో దీన్ని విస్తరించారు. ముందుగా మన ఉద్దేశాన్ని దేశంలో ఎక్కువ భాగం తిరిగే ఒక ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటించాలి. తరువాత దరఖాస్తు. 2021లో అప్పిలేట్ బోర్డును ఎత్తేసిన దగ్గర్నుంచి కమర్షియల్ కోర్టుకు పోవాలి. కోర్టు ఒప్పుకుంటే రాయల్టీ ఇంత అని తేల్చి, జమ చేయమంటుంది. లంకల్లో దోనె మీద తిరిగిన పంతులుగారి ముప్పైరెండు పేజీల తెలుగు పుస్తకం కోసం ఇంగ్లీషు పేపర్లో ప్రకటన! కొల్లేట్లో ఎవరు చదువుతారనో!

మా నాన్నకు ఇదంతా చెబితే ఆయన లెక్క ఆయన చెప్పాడు. "పొలంగలాయన పోయాడనుకో. వారసులు తేల్చుకునేదాకా చేను బీడు పెడతారేంట్రా? కౌలుదారుడు దున్నుకుంటానే ఉంటాడు. వాళ్ళ వాటా గింజలు పక్కన కొలిచి పెడతాడు. వచ్చినప్పుడు ఇస్తాడు." చిత్రమేమంటే, 31-ఏ సెక్షను చెప్పేదీ ఇంచుమించు అదే. అక్కడికి వెళ్ళే దారే మాబోటివాళ్ళు నడిచేది కాదు.

సగం దారి మాత్రం ఒకటి దొరికింది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర కాగితపు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచటానికి కంప్యూటర్లో దాచుకోవచ్చు. బజార్లో దొరకని పుస్తకమైతే గ్రంథాలయం వాడకానికి మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చు. ఇది తెలిశాక గుడివాకలంక పెద్దాయన్ని బతిమాలి, ఆయన చేతుల మీదుగానే పుస్తకాన్ని గ్రంథాలయానికి ఇప్పించాం. స్కానింగు అయింది. ఆయనకు గ్రంథాలయంవారు ఇచ్చిన రసీదు ఇప్పుడా ట్రంకు పెట్టెలో ఉంది. పుస్తకం ఇక చావదు. అయితే అక్కడికి వెళ్ళినవాడే చూడగలడు. భీమడోలు పిల్లాడు ఫోన్లో చూడలేడు.

ఈ సందర్భంలో మన సావనీరు గురించి ఒక మాట. ఇందులో రాసిన మనమెవరం కాలేజీ ఉద్యోగులం కాదు. వేరే ఒప్పందం లేనంతకాలం ఎవరి వ్యాసం హక్కు వారిదే. సంఘానికి ఈసారి అచ్చు వేసుకోమని ఇచ్చామంతే. పాతికేళ్ళ తరువాత ఎవరైనా ఈ సంచికలన్నీ ఇంటర్నెట్లో ఉంచాలనుకుంటే మన అందరి వెనకా, మన పిల్లల వెనకా పడి తిరగాలి. నా మటుకు నేను సంపాదకులకు కాగితం రాసిచ్చాను: రాసినవాడి పేరు తీసేయకుండా దీన్ని ఎవరైనా, ఎక్కడైనా, ఎప్పుడైనా వేసుకోవచ్చునని. వచ్చే ఏడు నుంచి వ్యాసంతోపాటే అలాంటి చీటీ ఒకటి తీసుకోమని సంఘం కార్యదర్శిగారిని అడిగాను. చూద్దాం అన్నారు.

అమెరికాలో ఉన్న కూతురుగారికి మూడో ఉత్తరం పెట్టాం. మొదటి రెంటికీ జవాబు లేదు. మా పేజీలో ఆ పుస్తకం పేరు, పంతులుగారి పేరు, ప్రతి ఏ గ్రంథాలయంలో చూడవచ్చునో మాత్రం ఉంచాం. ఈ సంచిక అమెరికాలోని పూర్వవిద్యార్థులకు కూడా చేరుతుందని విన్నాను. లంకల్లో బడి పంతులుగా చేసి, కొల్లేటి చేపల మీద పుస్తకం అచ్చు వేయించిన మాస్టారి కుటుంబాన్ని ఎరిగినవారు మీలో ఉంటే, దయచేసి మన జంతుశాస్త్ర విభాగానికి ఒక ముక్క రాయండి. ఆవిడ పేరు అడగకుండా ఇక్కడ అచ్చు వేయలేదు. విభాగంలో చెబుతారు.